అనంతపురంలో మల్టిప్లయర్ డిజైన్ క్లాసు: చదువు గట్టిది, బ్యానర్ మాత్రం నమ్మొద్దు

సాయినగర్ వైపు ఒక ఇంటి మేడ మీద ఆదివారాలు జరిగే వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) క్లాసు ఎట్లుందని జూనియర్లు వరసగా అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. సెంటర్ పేరు రాయడం లేదు. కింద మెచ్చుకోళ్లతో పాటు తిట్లు కూడా ఉన్నాయి, ఊరు చిన్నది, అనంతపురంలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్) చదివేవాళ్లకి ఏ మేడ గురించి చెప్తున్నానో ఎట్లాగూ తెలిసిపోతుంది.

ముందు తేల్చాల్సింది తేల్చేస్తా. కోర్సు మొత్తం ఒక్క విషయం మీదే: రెండు బైనరీ సంఖ్యల్ని గుణించే సర్క్యూట్‌ని, అంటే మల్టిప్లయర్‌ని, వేగంగా ఎట్లా కట్టాలి. ఫీజు ఆరు వేలు. బీటెక్ మూడో ఏడు దాటి, వెరిలాగ్‌లో (సర్క్యూట్లని కోడ్‌గా రాసే భాష) కనీసం ఒక కౌంటర్ సొంతంగా రాయగలిగినవాళ్లయితే ధైర్యంగా చేరొచ్చు. ఉద్యోగం ఇప్పిస్తారనో, ఫైనలియర్ ప్రాజెక్ట్ రెడీమేడ్‌గా దొరుకుతుందనో అయితే ఆ ఆరు వేలు జేబులోనే ఉంచుకోండి.

ఒక్క గుణకారానికి ఇంత కోర్సా అని మా ఇంట్లో కూడా నవ్వారు, మా నాన్నయితే "ఎక్కాలు నేర్పేదానికి ఆరు వేలా నాయనా" అన్నాడు. సార్ మొదటి క్లాసులో సరిగ్గా ఈ అనుమానం దగ్గరే మొదలుపెడతాడు. మనం ల్యాబ్‌లో కుస్తీ పట్టిన 8085 ప్రాసెసర్‌లో గుణకారానికి ఇన్‌స్ట్రక్షనే లేదు, లూప్ పెట్టి కూడుకుంటూ పోవాల్సిందే. 8086లో ఉంది గానీ రెండు 16 బిట్ల సంఖ్యల్ని గుణించాలంటే 118 నుంచి 133 క్లాకులు (చిప్ గడియారం టిక్కులు) తినేస్తుంది. 8051లో రెండు 8 బిట్ల సంఖ్యలకి నాలుగు మెషీన్ సైకిళ్లు, అంటే 48 క్లాకులు, 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెడితే 4 మైక్రోసెకండ్లు. ఇప్పుడు గూగుల్ వాళ్లు 2015 నుంచి తమ డేటాసెంటర్లలో వాడిన మొదటి టీపీయూ (ఏఐ లెక్కల) చిప్ చూడండి. 8 బిట్ల గుణకారం చేసి కూడుకునే యూనిట్లు అడ్డంగా 256, నిలువుగా 256, మొత్తం 65,536, అన్నీ ఒకే క్లాకులో కలిసి పనిచేస్తాయి. ఆ ఒక్క యూనిట్లో పది గేట్లు తగ్గించగలిగితే చిప్ మొత్తం మీద ఆరున్నర లక్షల గేట్లు మిగులుతాయి. ఇది విన్నాక ఎక్కాల జోకు నాకు మళ్లీ నవ్వు తెప్పించలేదు, మా నాన్న మాత్రం ఇప్పటికీ వేస్తూనే ఉన్నాడు.

సార్ బెంగళూరులో చాలా ఏళ్లు చిప్ కంపెనీలో పనిచేసి, ఇంటి పరిస్థితుల వల్ల వెనక్కి వచ్చిన మనిషి. తెలుగులోనే చెప్తాడు, అదీ మన అనంతపురం తెలుగులో. "ఏమప్పా, క్యారీ (కూడికలో పక్క స్థానానికి పోయే మిగులు) యాడికి పాయ" అని అడిగితే వెనక బెంచీ కూడా లేచి కూర్చుంటుంది. కంప్యూటర్ ముట్టుకోనివ్వడు చాలా వారాలపాటు. పెన్సిలు, రబ్బరు, గళ్ల కాగితం, అంతే. నాలాంటివాళ్లకి మొదట్లో విసుగే, సాఫ్ట్‌వేర్ నేర్పిస్తారని వచ్చి ఈ చుక్కలేంది సామీ అనుకున్నాం, ఒకరిద్దరు మానేశారు కూడా. మానేసినవాళ్లు పోగొట్టుకున్నది ఎక్కువే అని నా అభిప్రాయం.

ఆ చుక్కల సంగతి చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. 8 బిట్ల సంఖ్యని 8 బిట్ల సంఖ్యతో గుణించేటప్పుడు ఇందులో ప్రతి బిట్‌నీ అందులో ప్రతి బిట్‌తో ఆండ్ చేస్తే (రెండూ ఒకటైతేనే జవాబు ఒకటి) 64 బిట్లు వస్తాయి. ఒక్కో బిట్‌కి ఒక చుక్క. వాటిని విలువ ప్రకారం కాలమ్‌లలో పేరిస్తే అంచుల్లో ఒక్కో చుక్క, నడిమి కాలమ్‌లో ఎనిమిది. ఆండ్ గేట్లన్నీ ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి ఇక్కడిదాకా పట్టే టైము ఒక గేటుది మాత్రమే. "గుణకారం ఇంతటితో అయిపోయిందప్పా, ఇంక మిగిలిందంతా కూడికే" అంటాడు సార్. నాలుగేళ్లు బీటెక్ చదివినా ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, అల్గారిథమ్ పేరు, ఫ్లోచార్టు, పది మార్కులు, తర్వాతి చాప్టరు, అంతే.

మరి ఆ కూడికలో ఏముంది ఆలస్యం? వరస వెంట వరస మామూలు రిపుల్ యాడర్‌తో కూడితే ప్రతి కూడికలోనూ క్యారీ కుడి నుంచి ఎడమకి ఒక్కో బిట్ దాటుకుంటూ పోవాలి. ఇంటికి స్లాబు వేసేటప్పుడు కాంక్రీటు గమేళాలు చేతులు మారుతూ పైకి పోతాయి కదా, చివరి మనిషి ఎంత బలవంతుడైనా గమేళా తన చేతికి వచ్చేదాకా ఊరికే నిలబడాల్సిందే, చివరి బిట్ పరిస్థితీ అదే. దీనికి విరుగుడు చాలా తేలిక, చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. క్యారీని ముందుకి పంపకుండా, పక్క కాలమ్‌లో ఇంకో చుక్కగా వదిలేయడం. ఫుల్ యాడర్ ఒకే కాలమ్‌లోని మూడు చుక్కల్ని తీసుకుని ఆ కాలమ్‌లో ఒక చుక్క, ఎడమ కాలమ్‌లో ఒక చుక్క పెడుతుంది. మూడు పోయి రెండు వచ్చాయి. ఎవరూ ఎవరి కోసమూ ఆగరు, ఒక మెట్టులోని యాడర్లన్నీ ఒకే టైములో పని ముగిస్తాయి. ఇట్లా మెట్టు మెట్టుకీ ఎత్తు తగ్గించుకుంటూ ప్రతి కాలమ్‌లో రెండే చుక్కలు మిగిలేదాకా వస్తే, చివరికి ఒక్కసారి మాత్రమే అసలైన కూడిక చేయాలి.

1964లో దీన్ని చెట్టులా పేర్చి చూపించింది ఆస్ట్రేలియా శాస్త్రవేత్త క్రిస్ వాలెస్. మరుసటి ఏడు, 1965లో, ఇటలీకి చెందిన లుయీజీ డడ్డా ఇంకో పద్ధతి చెప్పాడు. వాలెస్ వీలైన చోటల్లా వీలైనంత తొందరగా తగ్గించేస్తాడు, డడ్డా పిసినారి, ఆ మెట్టుకి అవసరమైనంతే తగ్గిస్తాడు. ఎంత అవసరమో చెప్పేందుకు ఒక వరస ఉంది: 2, 3, 4, 6, 9, 13, 19, 28, 42, 63. ముందు సంఖ్యకి ఒకటిన్నర రెట్లు, భిన్నం వస్తే వదిలేయడమే. 8 ఎత్తు నుంచి మొదలైతే 6కి, 4కి, 3కి, 2కి, మొత్తం నాలుగు మెట్లు. 16 బిట్లకి ఆరు, 32కి ఎనిమిది, 64కి పది. బిట్లు రెట్టింపైన ప్రతిసారీ మెట్లు రెండే పెరుగుతున్నాయి చూడండి. అదే వరస వెంట వరస కూడితే 32 బిట్లకి 31 కూడికలు, 64కి 63. బోర్డు మీద ఈ రెండు వరసలూ పక్కపక్కన రాసి సార్ ఏమీ మాట్లాడకుండా టీ తాగడానికి పోయాడు. అప్పుడు అందరం ఆ బోర్డునే చూస్తూ కూర్చున్నాం.

డడ్డా పద్ధతిలో 8 బిట్ల మల్టిప్లయర్‌కి సరిగ్గా 35 ఫుల్ యాడర్లు, 7 హాఫ్ యాడర్లు (రెండు చుక్కల్నే తీసుకునేవి), చివర్లో 14 బిట్ల యాడర్ ఒకటి పడతాయి. మన కాగితం మీద లెక్క 35, 7 రాకపోతే సార్ చూడను కూడా చూడడు, వెనక్కి ఇచ్చేస్తాడు. కఠినంగా అనిపిస్తుంది గానీ నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది, ఎందుకంటే తప్పు ఎక్కడుందో ఆయన చెప్పడు, మనమే వెతుక్కోవాలి, ఆ వెతుకులాటలో ఏ కాలమ్‌కి ఎక్కణ్ణుంచి ఎన్ని క్యారీలు వస్తాయో బుర్రలో దిగిపోతుంది. మా బ్యాచ్‌లో గుంతకల్లు నుంచి వచ్చే ఒక లెక్చరర్ అక్క మంచి ప్రశ్న వేసింది: 8 బిట్లకి వాలెస్‌కీ నాలుగు మెట్లే, డడ్డాకీ నాలుగు మెట్లే కదా సార్, మరి గొడవేంది అని. దానికి ఆయన చెప్పిన జవాబు: వాలెస్‌లో యాడర్లు ఎక్కువ ఖర్చవుతాయి గానీ చివరి కూడిక చిన్నదవుతుంది, డడ్డాలో యాడర్లు ఆదా అవుతాయి గానీ చివరి కూడిక పొడుగవుతుంది, కాబట్టి ఆ చివరి యాడర్ ఎట్లాంటిది పెడతావో చెప్పకుండా ఏది ఫాస్ట్ అని అడగడమే తప్పు.

ఆ చివరి యాడర్ మీద రెండు ఆదివారాలు గడిచాయి, నా లెక్కలో కోర్సులో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. 1973 నాటి కోగ్-స్టోన్ యాడర్ వేగమైనది, కానీ వైర్ల గుంపు భయంకరంగా ఉంటుంది. 1982 నాటి బ్రెంట్-కుంగ్‌లో మెట్లు కాస్త ఎక్కువ, గేట్లు, వైర్లు బాగా తక్కువ. ఇది ఏ పుస్తకంలో అయినా దొరుకుతుంది. సార్ చూపించిన కిటుకు వేరే. చెట్టు నుంచి బిట్లన్నీ ఒకేసారి రావు. అంచు కాలమ్‌లలో చుక్కలు తక్కువ కాబట్టి అవి ముందే తయారై కూర్చుంటాయి, నడిమి కాలమ్‌లు అందరికన్నా ఆలస్యంగా వస్తాయి. అట్లాంటప్పుడు మొత్తం పొడవునా ఖరీదైన యాడర్ ఎందుకు? కుడి చివర బిట్లు ఎట్లాగూ ముందే వచ్చేశాయి, అక్కడ మామూలు రిపుల్ యాడర్ పెట్టినా పోయేదేం లేదు, నడిమి భాగంలో మాత్రమే వేగమైనది పెట్టు, ఎడమ చివర క్యారీ సున్నా అయితే ఒక జవాబు, ఒకటి అయితే ఇంకో జవాబు రెండూ ముందే తయారు చేసి ఉంచి, క్యారీ రాగానే ఒకటి ఎంచుకో. ఎక్కడ టైము పోతోందో చూసుకుని అక్కడే డబ్బు పెట్టమంటున్నాడన్నమాట. దీని కోసమైనా ఆరు వేలు ఇవ్వొచ్చు.

బూత్ దగ్గరికి వచ్చేసరికి క్లాసు స్పీడు పెరిగింది, కొందరికి అక్కడే తెగిపోయింది. ఆండ్రూ బూత్ లండన్‌లోని బర్క్‌బెక్ కాలేజీలో 1950 ప్రాంతంలో తయారు చేసిన పద్ధతి అది. ఒకట్లు వరసగా వస్తే ఒక్కోదాన్నీ కూడే బదులు, ఏడు సార్లు కావాలంటే ఎనిమిది సార్లు తీసుకుని ఒకసారి తీసేయడం. వినడానికి అద్భుతం. కానీ 01010101 అనే సంఖ్య ఇచ్చి చూడండి, అందులో ఒకట్లు నాలుగే, బూత్ పద్ధతిలో రాస్తే ఎనిమిది చోట్లా కూడడమో తీసేయడమో చేయాల్సి వస్తుంది. పని తగ్గడం పోయి రెట్టింపైంది. అందుకే ఇప్పుడు హార్డ్‌వేర్‌లో వాడేది 1961లో మెక్‌సోర్లీ సవరించిన పద్ధతి. బిట్లని మూడేసి చొప్పున, పక్కపక్క గుంపులకి ఒక బిట్ ఉమ్మడిగా ఉండేలా చూసి, ఒక్కో గుంపుకి -2, -1, 0, 1, 2 లలో ఒక అంకె ఇస్తారు. రెండు రెట్లు అంటే ఒక బిట్ జరపడమే, మైనస్ అంటే సున్నాల్ని ఒకట్లుగా, ఒకట్లని సున్నాలుగా మార్చి ఒకటి కలపడమే, కష్టమైన పని ఏదీ లేదు. అదే 01010101ని ఇట్లా రాస్తే నాలుగే అంకెలు, నాలుగూ 1లే: 64, 16, 4, 1 కలిపితే 85. ఏ సంఖ్య ఇచ్చినా పార్షియల్ ప్రాడక్టులు, అంటే కూడాల్సిన చుక్కల వరసలు, దాదాపు సగానికి తగ్గుతాయని గ్యారంటీ, చెట్టు ఎత్తు అక్కడే తగ్గిపోయింది.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. బ్యాచ్‌లో ఒక తమ్ముడు వేరే ఊరి ప్రాజెక్ట్ సెంటర్లో డబ్బులు పోసి కొన్న బూత్ మల్టిప్లయర్ కోడ్ తెచ్చాడు. రిపోర్టు, వేవ్‌ఫామ్ స్క్రీన్‌షాట్లు, అన్నీ రంగుల్లో బైండింగ్ చేసి ఉన్నాయి. స్క్రీన్‌షాట్‌లో 12ని 10తో గుణిస్తే 120, కరెక్టే. సార్ రిపోర్టు తిప్పి తిప్పి చూసి, "ఒకసారి మల్టిప్లయర్ 200, మల్టిప్లికాండ్ 3 ఇయ్యప్పా" అన్నాడు. జవాబు 65,368 వచ్చింది. 600 రావాల్సిన చోట. గుర్తు లేని 8 బిట్ల సంఖ్యలకి నాలుగు గుంపులు చాలవు, పైన సున్నాలు చేర్చి ఐదో గుంపు తీసుకోవాలి, ఆ కోడ్‌లో అది లేదు. అందుకని 200ని అది -56 అనుకుంది, మూడు రెట్లు -168, 16 బిట్లలో దాన్నే గుర్తు లేకుండా చదివితే 65,368. 127 దాకా ఏ సంఖ్య ఇచ్చినా సరిగ్గానే పనిచేస్తుంది, కాబట్టి అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు, వైవాలో చిన్న సంఖ్యలు అడిగితే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కీ తెలియదు. 8 బిట్ల మల్టిప్లయర్‌ని పూర్తిగా పరీక్షించాలంటే 65,536 జతలే, లాప్‌టాప్‌లో రెప్పపాటు పని, అయినా ఎవరూ చేయలేదు.

వేద గణితం మల్టిప్లయర్ మీద పెద్ద చర్చే నడిచింది, ఎందుకంటే మన దగ్గర ఏ కాలేజీ ప్రాజెక్టుల లిస్టు చూసినా అది ఉంటుంది. ఊర్ధ్వ తిర్యగ్భ్యాం సూత్రం, నిలువుగా, అడ్డంగా. 23ని 14తో గుణించాలంటే మూడు నాలుగులు 12, అడ్డంగా రెండు నాలుగులు ఎనిమిది, మూడు ఒకట్లు మూడు, కలిపి 11, పైన రెండు ఒకట్లు 2, స్థానాల ప్రకారం కూడితే 322. మనసులో చేసుకోవడానికి చాలా చక్కటి పద్ధతి, నేనే కిరాణా లెక్కలకి వాడతా. కానీ బైనరీలోకి దింపితే ఆ నిలువు, అడ్డం అన్నీ అవే 64 ఆండ్ గేట్లు, అవే చుక్కలు, అదే కాలమ్. నాలుగు చిన్న 4 బిట్ల బ్లాకులు చేసి వాటిని మామూలు యాడర్లతో కలిపితే ఆలస్యం ఆ యాడర్లలోనే ఉంటుంది, సూత్రం దాన్ని మాయం చేయదు. సార్ ఈ మాట నెమ్మదిగా, ఎవరి మనసూ నొప్పించకుండా చెప్పాడు. నేనైతే ఇంకాస్త గట్టిగా చెప్తా: వేదిక్ మల్టిప్లయర్ మామూలుదానికన్నా ఇంత శాతం ఫాస్ట్ అని రిపోర్టులో కనిపిస్తే, పక్కన పోల్చిన ఆ మామూలుది ఏందో ముందు చూడండి. చాలాసార్లు అది కావాలని ఎంచుకున్న బలహీనమైన అర్రే మల్టిప్లయర్ (వరస వెంట వరస కూడేది) అయి ఉంటుంది.

ఇక తిట్ల దగ్గరికి వద్దాం. ఎఫ్‌పీజీఏ బోర్డు, అంటే మనం రాసిన సర్క్యూట్‌ని ఎక్కించి చూసుకునే చిప్ ఉన్న బోర్డు, ఒక్కటే ఉంది. బేసిస్ 3, మంచి బోర్డే, ఆర్టిక్స్-7 చిప్, 16 స్విచ్‌లు, 16 ఎల్‌ఈడీలు ఉంటాయి కాబట్టి 8 బిట్ల సంఖ్యలు రెండు స్విచ్‌లతో ఇచ్చి 16 బిట్ల జవాబు ఎల్‌ఈడీల మీద చూడటానికి అచ్చంగా సరిపోతుంది. కానీ ఇరవై మందికి ఒక్క బోర్డు అంటే ఏం న్యాయం? బోర్డు చేతికి వచ్చేసరికి ఆ ఆదివారం అయిపోయేది. ల్యాబ్ సిస్టమ్‌లు కూడా పాతవి, 4 జీబీ ర్యామ్‌తో ఆ చిప్‌కి వాడే వివాడో సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేస్తే తెల్ల స్క్రీన్ చూస్తూ కూర్చోవాలి, కింద బండి దగ్గరకి పోయి ఉగ్గాని బజ్జి తిని వచ్చినా సింథసిస్ (కోడ్‌ని సర్క్యూట్‌గా మార్చే పని) నడుస్తూనే ఉండేది. సొంత లాప్‌టాప్ ఉన్నవాళ్లు బతికిపోయారు.

ఆ తిప్పల్లోనూ తెలిసింది మాత్రం గొప్పగా ఉంది. కష్టపడి రాసిన డడ్డా చెట్టుని ఆ చిప్‌లోకి ఎక్కించి చూస్తే, వెరిలాగ్‌లో ఊరికే స్టార్ గుర్తు పెట్టి రాసిన ఒక్క లైను దాన్ని ఓడించింది. మొహాలు మాడిపోయాయి. సార్‌కి ఇది ముందే తెలుసు, కావాలనే ఆగాడు. ఆర్టిక్స్-7లో గుణకారం కోసం విడిగా డీఎస్‌పీ బ్లాకులు ఉన్నాయి, ఒక్కొక్కటీ 25 బిట్లని 18 బిట్లతో గుణిస్తుంది, బేసిస్ 3 మీద ఉన్న చిప్‌లో అవి 90. స్టార్ గుర్తు రాస్తే, సంఖ్యలు మరీ చిన్నవి కాకపోతే, టూల్ నేరుగా పోయి ఒక డీఎస్‌పీ బ్లాకుని తీసుకుంటుంది. సరే, కోడ్‌లో ఆట్రిబ్యూట్ పెట్టి డీఎస్‌పీ వాడొద్దని చెప్పి మళ్లీ చూశాం. అప్పుడు కూడా చెట్టు గెలవలేదు. ఎందుకంటే ఎఫ్‌పీజీఏలో క్యారీ పోవడానికి ప్రత్యేకంగా వేసిన దారి ఉంటుంది, అందులో రిపుల్ క్యారీ చాలా వేగంగా పోతుంది, మన చెట్టులోని ఫుల్ యాడర్లు మాత్రం ఎల్‌యూటీల్లో (చిప్‌లో లాజిక్ పట్టే చిన్న పట్టికల్లో) కూర్చుని, ఒకదానికొకటి మామూలు వైర్ల గుండా చుట్టూ తిరిగి మాట్లాడుకోవాలి. టైమింగ్ రిపోర్టు తెరిస్తే గేట్ల ఆలస్యం కన్నా వైర్ల ఆలస్యమే ఎక్కువ కనిపించింది. కాగితం మీద లెక్కపెట్టిన మెట్లు అక్కడ చెల్లవు. అదే డిజైన్‌ని గూగుల్, స్కైవాటర్ కలిసి 2020లో బయటపెట్టిన 130 నానోమీటర్ల ఓపెన్ లైబ్రరీ మీద, ఓపెన్‌లేన్ అనే చిప్ డిజైన్ టూల్‌తో వేస్తే, అక్కడ ఇట్లాంటి రెడీమేడ్ క్యారీ దారి ఏదీ లేదు, చెట్టు తన ప్రతాపం చూపించింది. ఏ నేల మీద కడుతున్నావో చెప్పకుండా ఏ మల్టిప్లయర్ ఫాస్ట్ అని అడిగే వాళ్లు ఈ ఒక్క ల్యాబ్ చూస్తే చాలు. బోర్డు ఒక్కటే ఉండటం ఇంకా కోపం తెప్పించింది కూడా ఇందుకే, ఇంత మంచి ల్యాబ్‌ని సగం మంది భుజాల మీద నుంచి తొంగి చూసి సరిపెట్టుకున్నారు.

వదిలేసిన విషయాలూ ఉన్నాయి. గుర్తు ఉన్న సంఖ్యలకి వాడే బా-వూలీ పద్ధతి అరగంటలో పరుగెత్తించాడు, నాకు ఇంటికి వచ్చి మళ్లీ చుక్కలు వేసుకుంటే తప్ప అర్థం కాలేదు. కరెంటు ఖర్చు, అంటే పవర్ గురించి దాదాపు ఏమీ లేదు, ఇప్పుడు ఇంటర్వ్యూల్లో అదే అడుగుతున్నారు. పైప్‌లైనింగ్, అంటే పనిని దశలుగా విడగొట్టి వరసగా నడపడం, ఒక్క క్లాసు. తనకు తానే జవాబు సరిచూసుకునే టెస్ట్ బెంచ్ (డిజైన్‌ని పరీక్షించే కోడ్) రాయడం ఆఖరి ఆదివారం నేర్పాడు, అది రెండో వారంలోనే నేర్పి ఉంటే మా పనంతా ఎంత తేలికయ్యేదో. 16 బిట్లకి వెళ్తే జతలు 429 కోట్లు దాటుతాయి, అన్నీ పరీక్షించడం కుదరదు, అప్పుడు ఏ సంఖ్యలు ఎంచుకోవాలి అన్నది అడిగితే నవ్వి, అది వేరే కోర్సు అన్నాడు. అది వ్యాపారం మాట, మనకి నచ్చలేదు.

గది సంగతి. పైన రేకుల షెడ్డు. ఏప్రిల్‌లో అనంతపురం మధ్యాహ్నం ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు, రెండు ఫ్యాన్లు, కరెంటు పోతే ఇన్వర్టర్ సిస్టమ్‌లకే, ఫ్యాన్లకి లేదు. అమ్మాయిలకి విడిగా బాత్‌రూమ్ లేదు, కింద ఓనర్ వాళ్ల పోర్షన్‌లో అడుక్కుని పోవాలి, ఇది ఎన్నిసార్లు చెప్పినా చూస్తాం అన్నారే తప్ప చూసింది లేదు. జిరాక్స్ నోట్సులో చుక్కలు సగం అంటుకుపోయి ఉంటాయి, రెండు చుక్కలా మూడా అని పోట్లాడుకున్న రోజులు ఉన్నాయి. సార్ చెడ్డవాడు కాదు, ఆయన సెంటర్‌కి ఓనరూ కాదు, గంటల లెక్కన వచ్చి చెప్పి పోతాడు. నడిపేవాళ్లకి లెక్కలే ముఖ్యం. మెట్ల దగ్గర నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అని పెద్ద బ్యానర్ కట్టారు, దాని గురించి ఆఫీసులో అడిగితే "అది వేరే కోర్సుకి మేడమ్" అని మా అక్కకి ఒక జవాబు, "అటెండెన్స్ ఉంటే చూస్తాం" అని నాకు ఒక జవాబు. నా బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చినవాళ్లు ఉన్నారు, వాళ్లకి సెంటర్ ఇప్పించలేదు, వాళ్లే తెచ్చుకున్నారు, ఇంటర్వ్యూలో కాగితం ఇచ్చి డడ్డా వేయమంటే వేశారంతే.

బెంగళూరుకి పోయి నేర్చుకుంటే ఇంతకన్నా మంచిది కదా అని అడిగేవాళ్లకి: అక్కడ ల్యాబ్‌లు బాగుంటాయి, నిజమే. ఫీజు, పీజీ అద్దె, తిండి కలిపితే ఎంతవుతుందో మీ ఇంట్లో మీకే తెలుసు. పైగా అక్కడ మా సీనియర్లు చేరిన కోర్సుల్లో టూల్ ఎట్లా వాడాలో నేర్పారు గానీ, చుక్కలు ఎందుకు అట్లా పేర్చాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదట. ఇంట్లో ఉండి వారానికి ఒక రోజు వెళ్లేవాళ్లకి, ధర్మవరం, తాడిపత్రి నుంచి బస్సులో వచ్చిపోయేవాళ్లకి ఇదే నయం. ఐదుకి నంబరు ఇవ్వమంటే చదువుకి నాలుగున్నర, ల్యాబ్‌కి రెండు, ఆఫీసుకి ఒకటి, అదీ పోనీలే అని.

చేరాలనుకుంటే ముందే ఐకారస్ వెరిలాగ్ (కోడ్ నడిపి చూసేది), జీటీకేవేవ్ (వేవ్‌ఫామ్‌లు చూపించేది) మీ లాప్‌టాప్‌లో వేసుకుని పోండి, రెండూ ఉచితం, పాత సిస్టమ్‌లో కూడా పరుగెత్తుతాయి. కోర్సులో ముప్పావు భాగం వీటితోనే అయిపోతుంది, వివాడో కోసం ల్యాబ్‌లో క్యూ కట్టక్కర్లేదు. డబ్బులు రెండు విడతల్లో కడతామంటే ఒప్పుకుంటారు, వాళ్లు చెప్పరు, మీరే అడగాలి. రసీదు కూడా అంతే, అడిగితేనే ఇస్తారు. రెండో బోర్డు కొంటామని ఈసారి గట్టిగా చెప్తున్నారు, రెండో విడత కట్టే ముందు అది వచ్చిందో లేదో ల్యాబ్‌లోకి పోయి కళ్లారా చూసి కట్టండి.